చలిలో ప్రీ-వెడ్డింగ్ షూట్: ముందు మాట్లాడుకోండి, తర్వాత బట్టలు కొనండి

నిశ్చితార్థం అయిపోయింది. మాఘంలో ముహూర్తం పెట్టేశారు. మధ్యలో ధనుర్మాసం. పెళ్లిళ్లు ఉండని ఆ నెల రోజుల్లోనే జంటలు కెమెరా ముందుకు వెళ్తున్నాయి. లంబసింగి, వంజంగి, అరకు, వికారాబాద్ అనంతగిరి కొండలు... మంచు ఎక్కడుంటే షూట్ అక్కడ.

లొకేషన్ ఓకే. ఫొటోగ్రాఫర్‌కి అడ్వాన్స్ ఇచ్చేశారు. ఇక ఒక్క ప్రశ్న మిగిలింది. ఏం వేసుకోవాలి?

దీన్ని చిన్న విషయం అనుకోకండి. పెద్దలు కుదిర్చిన సంబంధమైతే మీ ఇద్దరూ కలిసి తీసుకునే మొదటి నిర్ణయం ఇదే. ఫంక్షన్ హాలు నాన్నగారు చూశారు. ముహూర్తం పంతులుగారు పెట్టారు. భోజనాల సంగతి బాబాయి తేల్చేశారు. బట్టలు మాత్రం మీ చేతుల్లో ఉన్నాయి. ప్రేమ పెళ్లి అయినా అంతే. మిగతావన్నీ రెండు కుటుంబాల మధ్య నలుగుతుంటాయి, ఇది మాత్రం మీ ఇద్దరిదే.

కాబట్టి దీన్ని బాగా చేయండి. రేపు ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు, ఉద్యోగం మారేటప్పుడు ఇప్పుడు చేసుకున్న అలవాటే మీకు అక్కరకొస్తుంది.

"మీ ఇష్టం" అనడం ఆపేయండి

ఈ సంభాషణ మీకు బాగా తెలుసు.

"ఏ కలర్ తీసుకుందాం?"

"మీ ఇష్టమండీ."

"అదేంటి, నీ ఇష్టమే నా ఇష్టం."

వినడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఇక్కడ ఎవరూ ఏమీ చెప్పలేదు. నిర్ణయం ఎదుటివాళ్ల నెత్తిన పెట్టి ఇద్దరూ తప్పుకున్నారు. ఇలా రెండు వారాలు గడుస్తాయి. చివరికి షూట్‌కి రెండు రోజుల ముందు హడావుడిగా షాపుకెళ్లి, సేల్స్‌మన్ చూపించిన మొదటి గౌను తెచ్చుకుంటారు. అది ఆమెకీ నచ్చదు, అతనికీ నచ్చదు.

ఇష్టం చెప్పడం అహంకారం కాదు. మిమ్మల్ని తెలుసుకునే అవకాశం ఎదుటి మనిషికి ఇస్తున్నారంతే.

ఈ ఆదివారం ఇరవై నిమిషాలు కేటాయించండి. ఇద్దరూ విడివిడిగా మూడు జవాబులు రాయండి.

1. ఏ బట్టల్లో నేను నాలా ఉంటాను?
2. ఏది అస్సలు వేసుకోను?
3. దీనికి నేను ఎంత వరకు ఖర్చు పెట్టగలను?

తర్వాత కాగితాలు మార్చుకోండి. వాట్సాప్‌లో ఫొటో తీసి పంపినా సరే.

మూడింట్లో రెండో జవాబు చాలా ముఖ్యం. కెమెరామన్, అసిస్టెంట్, డ్రోన్ కుర్రాడు... ఇంతమంది ముందు స్లీవ్‌లెస్ వేసుకోవడం ఆమెకు ఇబ్బందిగా ఉండొచ్చు. పంచె ఎక్కడ జారిపోతుందోనన్న భయంతో అతను నాలుగడుగులు కూడా వేయలేకపోవచ్చు. ఆ ఇబ్బంది ముందే చెప్పకపోతే ప్రతి ఫ్రేములోనూ మొహంలో కనిపిస్తుంది.

చెప్పే పద్ధతి కూడా నేర్చుకోండి. "నాకిది సౌకర్యంగా ఉండదు." ఈ ఒక్క వాక్యం చాలు. సంజాయిషీ అక్కర్లేదు. వినేవాళ్ల బాధ్యత ఇంకా తేలిక. "సరే, వేరేది చూద్దాం" అనండి. "అందరూ వేసుకుంటున్నారుగా!" అని మాత్రం అనకండి. ఆ మాట అన్న మరుక్షణం ఎదుటి మనిషి నోరు మూసుకుంటుంది. మళ్లీ తెరిపించడానికి చాలా కాలం పడుతుంది.

వరుస మార్చండి

చాలామంది బట్టలతో మొదలుపెడతారు. రీల్స్‌లో ఒక ఆఫ్-షోల్డర్ గౌను కనిపిస్తుంది. కొనేస్తారు. తర్వాత లొకేషన్ వెతుకుతారు. చలి సంగతి అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది.

ఈ వరుసను తిరగేయండి. ముందు చోటు. తర్వాత వెచ్చదనం. ఆ తర్వాత రంగు. చివర్న బట్ట.

చోటు అంటే అక్కడి వాతావరణం. లంబసింగి సముద్రమట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తులో ఉంది. వెయ్యి మీటర్లు పైకెళ్తే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. దానికి తోడు రాత్రంతా ఆకాశం తేటగా ఉంటే నేల చల్లబడిపోతుంది. అందుకే డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో చింతపల్లి, లంబసింగి వైపు పది డిగ్రీల లోపు మామూలే. కొన్ని రోజుల్లో సున్నాకి దగ్గరగా కూడా వెళ్తుంది. విశాఖలో ఫ్యాను కింద పడుకుని లేచి, అదే బట్టలతో కొండెక్కితే ఏమవుతుందో ఊహించుకోండి.

సంక్రాంతికి చంకలెత్తనివ్వని చలి అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఫొటోగ్రాఫర్ "చేతులు చాపండి" అంటే నిజంగానే చేతులు లేవవు. భుజాలు చెవుల దాకా ముడుచుకుంటాయి. దవడ బిగుస్తుంది. ముక్కు కొస ఎర్రబడుతుంది. మోచేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుంటాయి. పెదాలు నవ్వుతుంటాయి, కళ్లు మాత్రం "ఇంకెంతసేపు?" అని అడుగుతుంటాయి.

ఎడిటింగ్‌లో రంగు మార్చొచ్చు. ఆకాశం మార్చొచ్చు. బిగుసుకున్న భుజాల్ని ఎవరూ సరిచేయలేరు.

అందుకే వెచ్చగా ఉండటం అందానికి అడ్డు అన్న ఆలోచనను ఈరోజే వదిలేయండి. వెచ్చగా ఉన్న ఒళ్లే అందంగా కదులుతుంది.

పైకి కనిపించనిదే అసలు పని చేస్తుంది

అమ్మాయిలకు: ఒంటి రంగుకు దగ్గరగా ఉండే, మెడ లోతుగా ఉన్న థర్మల్ తీసుకోండి. బ్లౌజ్ మోచేతుల దాకా, వీలైతే మణికట్టు దాకా కుట్టించండి. ఇక్కడే ఒక కిటుకు ఉంది. టైలర్‌కి కొలతలు ఇచ్చేటప్పుడే థర్మల్ వేసుకుని ఇవ్వండి. మామూలుగా కొలతలిచ్చి, షూట్ రోజున లోపల థర్మల్ వేసుకుంటే హుక్స్ పట్టవు. పట్టినా చంక దగ్గర లాగేస్తుంది. కొలతలు ఇచ్చేటప్పుడు గుర్తుంచుకుంటే ఈ బాధ ఉండదు.

కింద ఫ్లీస్ లెగ్గింగ్స్, వాటి మీద లోపలి లంగా. కాళ్లకు సాక్సు, షూస్. అవును, చీర కిందే! కుచ్చిళ్లు నేలను తాకుతుంటే షూస్ ఎవరికీ కనిపించవు. ఒక్కటి మాత్రం మర్చిపోకండి. చీర కట్టేటప్పుడు ఆ షూస్ వేసుకునే ఉండండి. లేకపోతే కుచ్చిళ్లు ఎత్తయిపోయి చీలమండలు బయటపడతాయి.

అబ్బాయిలకు: మీకు లోపల వేసుకోవడానికి చోటు ఎక్కువ, శ్రద్ధే తక్కువ. బంద్‌గలా, షేర్వాణీ కింద థర్మల్ తేలిగ్గా ఇమిడిపోతుంది. పంచె కడుతుంటే లోపల మోకాళ్ల దాకా బిగుతుగా ఉండే టైట్స్ వేసుకోండి. నల్లవి వద్దు. పల్చటి పంచెలోంచి ఉదయపు వెలుతురులో నలుపు ఇట్టే తెలిసిపోతుంది. లేత గోధుమ రంగు వేసుకోండి.

ఇంకో మాట. "నాదేముంది, ఏదో ఒకటి వేసేసుకుంటా" అని తప్పించుకోకండి. ఆమె నెల రోజులు ఆలోచించి ఎంచుకున్న చీర పక్కన మీరు ఆఫీసు చొక్కాతో నిలబడితే, ఆ ఫొటో మీ ఇద్దరి గురించీ చెప్పాల్సింది చెప్పేస్తుంది. మీ బట్టల బాధ్యత మీరే తీసుకోండి.

ఇక పైన వేసుకునేవి. పట్టు ఒంటికి వెచ్చదనం ఇస్తుంది. కంచి, ధర్మవరం లాంటి బరువైన పట్టుచీరలు చలిలో బాగా నిలబడతాయి, గాలికి ఎగిరిపోవు. ఉప్పాడ జామ్దానీ చాలా తేలిక. వెలుతురు పడితే అద్భుతంగా ఉంటుంది కాబట్టి ఎండ వచ్చాక కట్టండి. గద్వాల చీరకు అంచూ కొంగూ పట్టు, ఒళ్లంతా నూలు. ఆ నూలు మంచు తడిని పీల్చుకుంటుంది, గడ్డిలో నడిచే షాట్లకు వద్దు. షిఫాన్, జార్జెట్ రెండూ తెల్లవారుజామున దూరం పెట్టాల్సినవే. చలిని ఆపవు, తడి తగిలితే ఒంటికి అంటుకుపోతాయి.

వెల్వెట్ బ్లౌజ్ చలికాలానికి చాలా మంచి ఎంపిక. పాత పట్టుచీరకు కొత్త వెల్వెట్ బ్లౌజ్ కుట్టిస్తే ఖర్చూ తగ్గుతుంది, చీరకు కొత్త కళా వస్తుంది. అమ్మ బీరువాలో చీర ఉంటే అడగండి. అయితే విప్పి చూడండి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న జరీ చీర ఆ మడతల దగ్గరే చిట్లుతుంది. పాత చీరను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఆ గీతలు తెలుస్తాయి.

శాలువాను షాట్‌కి షాట్‌కి మధ్య కప్పుకునే దుప్పటిలా చూడకండి. దాన్ని కూడా మీ లుక్‌లో భాగం చేసుకోండి. చీర రంగుకు నప్పే శాలువా ఒకటి ఇద్దరి భుజాల మీదా కప్పుకుని చేతిలో టీ గ్లాసులు పట్టుకుంటే, ఫొటోగ్రాఫర్ పోజు చెప్పాల్సిన పనే ఉండదు.

రంగు: వెనకాల ఏముందో చూసి ఎంచుకోండి

పొగమంచు అంటే ఒక పెద్ద తెల్లటి తెర. దాని ముందు తెలుపు, క్రీమ్, లేత గులాబీ వేసుకుంటే మనిషి తెరలో కలిసిపోతాడు. తలా చేతులే మిగులుతాయి. మెరూన్, ముదురు పసుపు, బాటిల్ గ్రీన్, నెమలికంఠం రంగు... ఇవి మంచులో నిలబడతాయి. దూరం నుంచి తీసిన డ్రోన్ షాట్‌లో కూడా మీరెక్కడున్నారో వెతుక్కోవక్కర్లేదు.

అరకు వెళ్తున్నారా? నవంబరు, డిసెంబరుల్లో అక్కడ వలిసె పూలు పూస్తాయి. చేలకు చేలు పసుపు రంగులో ఉంటాయి. ఆ పసుపులో పసుపు చీర కడితే దండగ. ముదురు నీలం, వంకాయ రంగు, మెరూన్ ప్రయత్నించండి. జనవరి షూట్ అయితే ఆ పూల మీద ఆశ పెట్టుకోకండి. ముందే అక్కడివాళ్లకు ఫోన్ చేసి కనుక్కోండి. చేలో దిగేముందు రైతును అడగడం కూడా మీ వ్యక్తిత్వంలో భాగమే. అది ఆయన పంట.

అనంతగిరి లాంటి చోట చలికాలం గడ్డి ఎండి గోధుమ రంగులోకి మారుతుంది. అక్కడ ఖాకీ, బిస్కెట్ రంగులు నేలలో కలిసిపోతాయి. ఎరుపూ నీలమూ బాగుంటాయి.

ఇద్దరూ ఒకే రంగు వేసుకోవాలా? వద్దు. యూనిఫాంలా ఉంటుంది. ఒకరి అంచు రంగు ఇంకొకరి దగ్గర ఎక్కడో ఒకచోట కనిపిస్తే చాలు. ఆమె బాటిల్ గ్రీన్ చీరకు మెరూన్ అంచు ఉందనుకోండి. అతను ముదురు పసుపు లాల్చీ మీద మెరూన్ కండువా వేసుకుంటే సరిపోతుంది. ఆమె పోచంపల్లి ఇక్కత్ కడితే అతను ప్లెయిన్ వేసుకోవాలి. ఇద్దరూ డిజైన్లు వేసుకుంటే చూసేవాళ్ల కళ్లు ఎక్కడ ఆగాలో తెలీక తిరుగుతాయి. మరీ సన్నటి గీతలు, చిన్న చిన్న గళ్లు మాత్రం ఇద్దరికీ వద్దు. కెమెరాలో అవి అలల్లా కదిలినట్టు కనిపిస్తాయి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. "నేను చామనచాయ, నాకు ముదురు రంగులు నప్పవు." ఇది ఎవరో చిన్నప్పుడు మీ చెవిలో వేసిన మాట. మీ కళ్లతో చూసి తెలుసుకున్నది కాదు. ఎర్రటి మెరూన్, ఆవపిండి పసుపు, బాటిల్ గ్రీన్ చామనచాయ మీద, అందులోనూ ఉదయపు మెత్తని వెలుతురులో ఎంత బాగుంటాయో ఒక్కసారి కిటికీ పక్కన నిలబడి చూసుకోండి. ఆ తర్వాత నిర్ణయించుకోండి. షూట్ కోసం రెండు వారాల్లో ఐదు కిలోలు తగ్గాలన్న పిచ్చి డైటింగ్ కూడా మానేయండి. నీరసించిన మొహానికి చలి ఇంకా త్వరగా పడుతుంది. మీ ఒళ్లు ఇప్పుడు ఎలా ఉందో, దానికి కుట్టించుకోండి.

రెండు జతలు చాలు

ప్యాకేజీలో నాలుగు కాస్ట్యూమ్స్ అని ఉంటుంది. నాలుగూ వాడాలని ఎక్కడా లేదు.

లెక్క వేయండి. డిసెంబరు చివర్లో అల్లూరి జిల్లా కొండల్లో దాదాపు ఆరున్నరకు సూర్యోదయం. మంచు, మెత్తటి వెలుతురు కలిసి ఉండేది కాసేపే. ఆ కాసేపట్లో బట్టలు మార్చుకోవడానికి ఉన్న చోటేమిటి? కారు వెనక సీటు, కిటికీకి అడ్డంగా ఒక తువ్వాలు. చలికి వేళ్లు కొయ్యబారి ఉంటాయి. బ్లౌజ్ హుక్కు దొరకదు. పిన్నీసు వేలికి గుచ్చుకుంటుంది. అక్క బయట నిలబడి "అయిందా? ఎండ వచ్చేస్తోంది!" అంటుంటుంది. కుచ్చిళ్లు కూర్చోవు. ఒక్క మార్పుకి ముప్పావుగంట హారతి కర్పూరం అయిపోతుంది.

అందుకే బరువైన చీర, షేర్వాణీ రూములోనే తయారై వెళ్లండి. మంచు షాట్లన్నీ వాటితో తీయించుకోండి. ఎండ పడ్డాక రూముకొచ్చి, టిఫిన్ చేసి, తేలికపాటి రెండో జత వేసుకోండి. జీన్స్, స్వెట్టర్ అయినా సరే. చాలా జంటలకు ఈ రెండో జతలోనే సహజమైన ఫొటోలు వస్తాయి. అప్పటికి కెమెరా బెరుకు పోయి ఉంటుంది.

కొనేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి. రెండు జతల్లో కనీసం ఒకటి పెళ్లయ్యాక మళ్లీ వేసుకునేదై ఉండాలి. ఒక్క ఉదయం కోసం కొన్న గౌను అప్పు మిగిలిస్తే, ఫొటో చూసినప్పుడల్లా ఈఎంఐ గుర్తొస్తుంది.

అమెరికాలో, కెనడాలో ఉన్నవాళ్లకు

మీకు చలి వేరే స్థాయిలో ఉంటుంది. అక్కడ కోటే మీ అసలు డ్రెస్. లోపల ఏముందో కోటు గుండీలు విప్పినప్పుడే కనిపిస్తుంది. కాబట్టి బడ్జెట్‌లో ఎక్కువ భాగం మంచి పొడవాటి కోటు మీద పెట్టండి. పట్టుచీర మీద ఒంటె రంగు కోటు చాలా హుందాగా ఉంటుంది. డిసెంబరులో న్యూజెర్సీలో సాయంత్రం నాలుగున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. ఆఫీసు అయ్యాక షూట్ అనే ఆలోచన పెట్టుకోకండి. మంచు నేల మీద తెల్ల బట్టల సంగతి పొగమంచులో లాంటిదే. కాళ్లకు పట్టున్న బూట్లు తప్పనిసరి, జారిపడితే ఫొటోలు కాదు కదా పెళ్లే వాయిదా పడుతుంది.

డాబా మీద రిహార్సల్

షూట్‌కి వారం ముందు ఒక రోజు. పొద్దున ఆరింటికి. పూర్తి డ్రెస్సులో, లోపలి థర్మల్‌తో సహా, డాబా ఎక్కండి. ఎవరింట్లో వాళ్లే చేయొచ్చు. వీడియో కాల్ పెట్టుకోండి.

నడవండి. కింద కూర్చుని లేవండి. రెండు చేతులూ పైకెత్తండి. గట్టిగా నవ్వండి. పదిహేను నిమిషాలు అలాగే ఉండండి. ఎక్కడ లాగుతోంది? ఎక్కడ జారుతోంది? ఎక్కడ చలి దూరుతోంది? ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసి ఫొటోగ్రాఫర్‌కి పంపండి. ఏ రంగు ఆ లొకేషన్‌కి పనికిరాదో ఆయన ముందే చెప్పేస్తారు.

రిహార్సల్ చేసినవాళ్లకు ధైర్యం దానంతట అదే వస్తుంది. ఇంటర్వ్యూకైనా ఇంతే, స్టేజీకైనా ఇంతే.

ఏదైనా కుదరకపోతే కంగారు పడకండి. వారం టైముంది. టైలర్ ఉన్నాడు. దాన్ని సరిచేయించుకోండి.

ముందు రోజు రాత్రి సంచిలో ఉండాల్సినవి

- పిన్నీసులు, సూదీ దారం, చీర రంగు దారంతో సహా
- చేతులు వెచ్చబరిచే హ్యాండ్ వార్మర్లు, ఇద్దరికీ విడివిడిగా
- లిప్ బామ్, వాజ్‌లైన్. పెదాలు పగిలాక రాస్తే ఉపయోగం లేదు, వారం ముందు నుంచే రాయండి
- అంచుకు అంటిన బురద తుడవడానికి పొడి గుడ్డ. తడి గుడ్డతో రుద్దితే మరక పాకుతుంది. ఆరనిచ్చి దులపండి
- రెండో జత సాక్సులు. మొదటివి గడ్డిలో తడిసి తీరతాయి
- ఫ్లాస్కులో అల్లం టీ, తినడానికి ఏదైనా

ఖాళీ కడుపుతో బయల్దేరకండి. అంత పొద్దున్నే లేచి ఏమీ తినబుద్ధి కాదు, నిజమే. రెండు ఇడ్లీలైనా, గుప్పెడు వేరుశనగలైనా తినండి. కడుపులో ఏమీ లేకపోతే చలి ఇంకా ఎక్కువ అనిపిస్తుంది.

బట్టలన్నీ ఇస్త్రీ చేసి, జత జతగా హ్యాంగర్లకు తగిలించి, దేని థర్మల్ దానికే జతచేసి పెట్టండి. తర్వాత ఒకరికొకరు ఫోన్ చేసి లిస్టు గట్టిగా చదువుకోండి. ఆమె మర్చిపోయింది అతను గుర్తు చేస్తాడు, అతను వదిలేసింది ఆమె పట్టుకుంటుంది. అది అయ్యాక ఫోన్ పెట్టేసి తొమ్మిదింటికల్లా పడుకోండి. కారు నాలుగున్నరకు వస్తుంది.